రూతమ్మ పెళ్ళి, జమ్ములమ్మ విడాకులు

విడాకులు కావాలంటే ముందు పెళ్ళి గురించి అబద్ధం చెప్పాలని దశరథం వకీలు చెప్పేదాకా నాకు తెలియదు. పెళ్ళయి పదకొండేళ్ళయింది, దాని గురించి ఇంకా నేర్చుకునేది ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ యేడు విత్తనాల పత్తి చేలలో క్రాసింగు మొదలైన వారంలోనే నా పాఠం కూడా మొదలైంది.

వకీలు ఆఫీసు గద్వాలలో చీరల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వచ్చే గది. నేనూ శివా ఇద్దరం వెళ్ళాం, కలిసి వెళ్ళలేదు. నేను ఊరి నుంచి ఆటోలో, అతను కొత్తకోట నుంచి బస్సులో. శివ నా మొగుడు. మూడేళ్ళుగా కొత్తకోటలో హైవే పక్కన లారీ టైర్ల పంచర్లు వేస్తూ, అక్కడే ఇంకొకామెతో ఉంటున్నాడు. ఉంటే ఉండనీ, నా పీడ వదిలింది అనుకున్నాను. వదల్లేదు. రెండు మూడు నెలలకోసారి తాగి, నేనుండే మా అమ్మ ఇంటికి వచ్చేవాడు. "నా పెండ్లాం ఇల్లు" అంటూ లోపలికి వచ్చి మంచం మీద కూర్చునేవాడు. తినేవాడు, కొట్టేవాడు, పోయేవాడు. ఒకసారి నన్ను గోడకేసి కొడితే తల పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే ఠాణాకు వెళ్ళాను.

"విడాకులైనయా?" అని అడిగారు.

"కాలే సారు."

"మరింక మొగుడే గదమ్మా. మొగుడు ఇంటికి రాకుంట మేమెట్ల ఆపుతం?"

ఆ రోజే నాకు కాగితం కావాలనిపించింది. అతనికి ఆస్తి లేదు, ఉన్నా నాకొద్దు. మళ్ళీ పెళ్ళి అనే ఆలోచనా లేదు, ఒకటి చాలు. నేను తలుపు వేసుకుంటే అది వేసినట్టే ఉండాలి, నాకు కావలసింది అంతే. అతను ఎందుకు ఒప్పుకున్నాడంటే, కొత్తకోట ఆమె "ఆడ తెంపుకొని రా, లేకుంటే నా ఇంట్లకు రాకు" అందట. ఏ కారణమైతేనేం, వచ్చాడు. అదే నాకు పదివేలు.

వకీలు మంచివాడే. విసుక్కోకుండా చెప్పాడు. "ఇద్దరు ఒప్పుకున్నరు గాబట్టి పని అల్కగ అయితది. ఇద్దరు కల్సి ఒకటే పిటిషన్ ఏస్తరు. ఏడాది కంటె ఎక్కువ సంది ఇడిగా ఉంటున్నమని రాస్తం. మొదటి వాయిదాకు ఇద్దరు జడ్జి ముందర నిలబడి, మా ఇష్టంతోనే ఇడిపోతున్నమని చెప్పాలె. ఆనంక ఆరు నెల్లు టైమిస్తరు, మనసు మారుతదేమో అని. మారకుంటే మల్లొచ్చి గదే మాట చెప్పాలె. డిక్రీ ఇస్తరు. అయిపాయె."

"మూడేండ్ల సంది మారని మనసు ఆరు నెల్లల్ల మారుతదా సారు?"

"చట్టం అట్లుంది చెల్లె. పెండ్లి ఒక్క పూటల అయితది గాని ఇది గాదు."

కాగితాలు అడిగాడు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పెళ్ళి పత్రిక, పెళ్ళి ఫోటో, అన్నీ బల్ల మీద పెట్టాను. పత్రిక మీద సిలువ బొమ్మ ఉంది. ఫోటోలో నేను తెల్ల చీరలో, శివ ఎవరిదో కోటులో, మా మధ్య బైబిలు పట్టుకుని పాస్టరయ్య. వకీలు పత్రికను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"రూతమ్మ ఎవరు?"

"నేనే సారు."

"ఆధార్ల జమ్ములమ్మ ఉన్నది గద?"

"గది గూడ నేనే."

నేను పుట్టినప్పుడు మా నానమ్మ జమ్ములమ్మ తల్లికి మొక్కి ఆ పేరు పెట్టింది. నాకు ఆరేళ్ళప్పుడు మా నాయన పెంటయ్య కడుపునొప్పితో చావు దాకా వెళ్ళాడు. పాస్టరయ్య ప్రార్థనకు బతికాడో కర్నూలు దవాఖాన మందుకు బతికాడో తెలియదు గాని, అప్పటి నుంచి ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాం. నాకు బాప్తిస్మమిచ్చి రూతమ్మ అన్నారు. బడిలో జమ్ములమ్మను, చర్చిలో రూతమ్మను. మా వాడకట్టులో సగం మందికి ఇలాగే రెండేసి పేర్లు. శివకు కూడా ఉంది, అతనికే గుర్తుండదు. ఆ రెండు పేర్ల వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు అప్పటిదాకా.

"కుల సర్టిఫికెట్ ఏమున్నది?"

"ఎస్సీ సారు. నా బిడ్డ నిరోషకు గూడ గదే. ఈ జూన్లనే దానికి గురుకులంల సీటు వచ్చింది, అయిదో తరగతి. పరీక్ష రాసి తెచ్చుకున్నది." ఎవరు అడిగినా అడక్కపోయినా ఆ మాట చెప్పుకునే రోజులవి. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది.

వకీలు ముఖం మాత్రం వెలగలేదు. పత్రికను, ఫోటోను తిరిగి నా వైపు జరిపాడు.

"ఇగ ఇవి లోపల వెట్టు. ఎవ్వరికి చూపియ్యకు. చెప్త విను. హిందువుల పెండ్లికి ఒక చట్టం, కిరస్తానోళ్ళ పెండ్లికి ఇంకొకటి. చర్చిల అయిందని రాస్తే రెండోదాంట్ల ఎయ్యాలె. అండ్ల గూడ విడాకులు వస్తయి, రావని గాదు. కాని నువ్వు క్రైస్తవురాలివని కోర్టు కాయితం మీద పడ్తది. అట్ల పడ్డంక ఎస్సీ అని ఉండదు, బీసీ-సీ అయితది. నీ బిడ్డది ఎస్సీ సీటు. ఎవడన్న గిట్టనోడు ఆ కాయితం పట్కపోయి ఆఫీసుల ఇచ్చిండనుకో, సీటు పాయె."

"మా వాడకట్టోళ్ళందరిది గిట్లనే గద సారు. ఎవ్వరేమంటలేరు."

"అందరు కోర్టుకు వస్తలేరు గద చెల్లె."

నేను పత్రికనూ ఫోటోనూ సంచిలో పెట్టుకున్నాను. శివ మాత్రం "రాయి సారు, యాడ అయిందని రాస్తవో రాయి, నేను సంతకం వెడ్త" అన్నాడు, బీడీ కట్ట తీసి మళ్ళీ జేబులో పెట్టుకుంటూ. బిడ్డ సీటు అన్న మాట అతని చెవిన పడిందని నేనప్పుడు గమనించలేదు.

వకీలు రాశాడు. మా పెళ్ళి వైశాఖమాసంలో, జమ్ములమ్మ గుడిలో, హిందూ సంప్రదాయం ప్రకారం జరిగింది. "గుడి పేరు నువ్వు యాది మర్వవులే, నీ పేరే గద" అని నవ్వాడు. ఫోటో కూడా దొరికింది. పెళ్ళికి ముందు రోజు మా ఇంట్లో నలుగు పెట్టినప్పటిది. నేనూ శివా పీటల మీద, ఒళ్ళంతా పసుపు, వెనక మామిడి తోరణం. పాస్టరయ్య ఆ రోజు రాలేదు కనుక ఫోటోలో లేడు.

*

క్రాసింగు పనికి చేతులు కావాలి, నోరు అక్కర్లేదు. సాయంత్రం ఆడ సాళ్ళలో రేపు విచ్చుకునే మొగ్గలను వెతికి, గోటితో పైరేకులూ లోపలి పుప్పొడీ ఒలిచి గుర్తు పెట్టాలి. తెల్లవారి మగ సాళ్ళ పువ్వులు కోసుకొచ్చి, ఒలిచిన మొగ్గలకు ఒక్కొక్కదానికీ రుద్దాలి. తిరుపతయ్య చేనులో నాతో పాటు మా అమ్మ జంగమ్మ, మా వాడకట్టు ఆడవాళ్ళు ఇంకో అయిదుగురు. నేను మొగ్గలు ఒలుస్తూ వకీలు నేర్పిన పాఠం గొణుక్కునేదాన్ని.

మా అమ్మ రెండు రోజులు విని మూడో రోజు నడుం ఎత్తింది. "పెండ్లినాడు దేవుని ముందర మాటిచ్చినవు. ఇప్పుడు ఆ దేవుడే లేకుండెనంటవా? పాస్టరయ్య ఇంకా బతికే ఉన్నడే. ఆదివారం ఆయన మొకం ఎట్ల జూస్తవు?"

నాకు ఒళ్ళు మండింది. "నీ అల్లుడు నన్ను గోడకేసి కొట్టిననాడు ఆ దేవుడు యాడున్నడో అడిగినవా? నువ్వు గా మూలకే ఉంటివి గద."

అనకూడని మాట. మా అమ్మ ఆ రోజు అడ్డం రాబోతే శివ ఆమెనూ తోసేశాడు. పాపం ముసలిది ఏం చేస్తుంది? వంగి మళ్ళీ మొగ్గలు ఒలవసాగింది.  సాలు చివరికి వచ్చి నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నిరోష సదువు కోసమైతే చెప్పు. నేను ప్రార్థన చేస్త. ఆయన మాఫ్ చేస్తడు." తర్వాత సాలు అవతల నిలబడి, గొంతు మార్చి, "ఏమమ్మా, నీ పెండ్లి యాడ అయింది?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. "జమ్ములమ్మ గుడిల సారు."

"ఎవరు చేసిండ్రు?"

"పూజారి."

"ఏం పేరు ఆ పూజారిది?" పక్క సాలులోంచి ఇంకొకామె అడిగింది.

పేరు నాకు నేర్పలేదు. ఆడవాళ్ళంతా తలా ఒక పేరు చెప్పారు. ఒకామె ఆ పూజారికి నత్తి పెట్టింది, ఇంకొకామె మెల్లకన్ను పెట్టింది, పెళ్ళి భోజనంలో పప్పు మాడిందని మా అమ్మే అంది. జరగని నా పెళ్ళి జరిగిన పెళ్ళికన్నా బాగుంది. వాయిదా రోజు వచ్చేసరికి ఏది అడిగినా తడుముకోకుండా చెప్పగలిగాను. క్రాసింగు రోజుల్లో ఒక పూట పోతే ముందునాడు ఒలిచిన మొగ్గలు వృథా అవుతాయని తిరుపతయ్య ముఖం మాడ్చుకున్నాడు. అయినా పొమ్మన్నాడు.

*

బొట్టు పెట్టుకుని రమ్మని వకీలు చెప్పాడు. ఇంట్లో పెట్టుకుంటే మా అమ్మ చూస్తుందని, గద్వాలలో ఆటో దిగాక ఒక దుకాణం అద్దంలో చూసుకుని ఎర్ర స్టిక్కర్ అతికించుకున్నాను. ఆకుపచ్చ చీర, చేతుల నిండా గాజులు. కోర్టు వరండాలో శివ నన్ను చూసి "పెండ్లికూతురు లెక్కున్నవే" అన్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

బంట్రోతు పేర్లు పిలిచాడు. ముందు శివ ఎక్కాడు. ప్రమాణం చేశాడు, గుడి అన్నాడు, పూజారి అన్నాడు, ఇష్టపూర్వకంగా విడిపోతున్నామన్నాడు. ఒక్క మాట తొణకలేదు. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు, నేర్పాల్సిన పనీ లేదు. తర్వాత నన్ను పిలిచారు.

జడ్జి ఆడమనిషే. నా కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. తల వంచుకుని మా పిటిషను తిప్పుతోంది. బల్ల దగ్గరి గుమాస్తా ప్రమాణం చెప్పించాడు.

"దేవుని ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను. అనమ్మా."

అన్నాను.

"నేను నిజమే చెబుతాను."

అన్నాను.

"నిజం తప్ప వేరేమీ చెప్పను."

"నిజం తప్ప వేరేమీ చెప్పను. ఆమెన్."

నేను అనలేదు, నా నోరు అనేసింది. ఆరేళ్ళప్పటి నుంచి ఒకరు ముందు చెప్పి నాతో పలికించిన మాట ఏదైనా అలాగే ముగించాను. బాప్తిస్మం నాడు అంతే, పెళ్ళినాడు అంతే. వకీలు గుడి నేర్పాడు, పూజారిని నేర్పాడు, నెల నేర్పాడు. ఇది ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు. వెనక బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు.

జడ్జి తలెత్తింది. "ఏమన్నావమ్మా?"

నేను వకీలు వైపు చూశాను. ఆయన ఫైలు వైపు చూస్తున్నాడు.

"మీరు చర్చికి వెళ్తారా?"

"పోత మేడం."

"పెళ్ళి ఎక్కడ జరిగింది?"

వారం రోజులు చేనంతా కలిసి నేర్పిన జవాబు నాలుక మీదే ఉంది. నిజం తప్ప వేరేమీ చెప్పనని అని ఇంకా ఊపిరి కూడా తీసుకోలేదు. పైగా దాని మీద ఆ మాట వేసేశాను. నాకు చేతకాలేదు.

"చర్చిల మేడం."

ఆమె కలం కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. "చూడమ్మా, హిందూ వివాహ చట్టం కింద నేను ఈ పెళ్ళిని రద్దు చేయలేను. మీకు వేరే చట్టం ఉంది. రెండేళ్ళు దాటి విడిగా ఉంటున్నారు కనుక అందులోనూ ఇబ్బంది లేదు. ఉన్నది ఉన్నట్టు రాసి మళ్ళీ వేసుకోండి, వస్తుంది. దీనికి అబద్ధం ఎందుకు?" వకీలుతో కాస్త గట్టిగానే అంది. "ఆమె మాట ఇంకా రికార్డు చేయలేదు. పిటిషన్ వెనక్కి తీసుకుంటామని రాసివ్వండి. ఈసారికి వదిలేస్తున్నాను."

అబద్ధం ఎందుకో ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే అది కూడా ఎక్కడో రాసుకుంటారేమోనని భయపడి దండం పెట్టి దిగిపోయాను.

బయట టీ బండి దగ్గర వకీలు నన్ను తిట్టలేదు. అదింకా బాధ అనిపించింది. "దేవుని తప్పు గాదు, నీ తప్పు గాదు, నా తప్పు. నోటికి తాళం ఏపియ్యకపోతిని" అన్నాడు. శివ అయితే కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు.

"సారు, ఆ రెండో చట్టంల ఏస్తే?" అని అడిగాను.

"ఏస్తే వస్తది. జడ్జమ్మ నోటితోనే చెప్పింది గద. ఇగ నీ ఇష్టం. ఆ కాయితం ఎవ్వరి చేతికి పోకుంటే బిడ్డకేం గాదు. పోదని మాత్రం నేను చెప్పలేను."

"నాకేం, దేంట్ల పెట్టమన్న సంతకం పెడ్త" అన్నాడు శివ. "జల్ది చెప్పు. ఆడ అది రోజు నా పానం తింటున్నది."

నెల రోజులు గడువు అడిగాను.

*

గురుకులంలో పిల్లలను కలవడానికి రెండో ఆదివారం పంపిస్తారు. గద్వాల నుంచి ఆత్మకూరు, అక్కడ బస్సు మారి వనపర్తి. సంచిలో సర్వపిండి, మురుకులు, రెండు లంగాలు పెట్టుకుని వెళ్ళాను. దారంతా నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఎవరు పట్టుకుపోతారు ఆ కాగితం? ఎవరికి అంత పగ? పోయినా ఏమవుతుంది, ఊళ్ళో బడి లేదా? అనుకుంటూ అనుకుంటూ దాదాపు నిర్ణయించేసుకున్నాను. మరుసటి రోజే వకీలు దగ్గరికి వెళ్ళి, రూతమ్మ అని సంతకం పెట్టేస్తాను.

నిరోష గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. మూడు నెలల్లో రెండంగుళాలు పెరిగింది. ఊళ్ళో బడిలో ఉన్నన్నాళ్ళూ క్రాసింగు రోజుల్లో దాన్ని నాలుగు గంటలకే చేనుకు తోలుకుపోయేదాన్ని. చిన్న వేళ్ళు కదా, మొగ్గ నలగకుండా ఒలుస్తుందని తిరుపతయ్య పెద్దవాళ్ళ కూలే ఇచ్చేవాడు. ఆ వేళ్ళ గోళ్ళ చుట్టూ ఎప్పుడూ పుళ్ళుండేవి. ఇప్పుడు చేయి పట్టుకుని చూస్తే మానిపోయి ఉన్నాయి.

"అమ్మా, నేను హ్యాండ్‌బాల్ టీంల ఉన్న. మా పీఈటీ మేడం నన్ను జిల్లాకు ఆడిపిస్తనన్నది. ఇంగ్లీషుల నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చినయి." ఒక చేత్తో మురుకు తింటూ ఊపిరి ఆడకుండా చెప్పుకుపోయింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "అమ్మా, ఫారంల మతం అని ఉన్నకాడ హిందూ అని రాసిండ్రు. తప్పు వడ్డదని టీచర్‌కు చెప్పనా?"

నేను చుట్టూ చూశాను. "వద్దు. రాసింది రాసినట్టే ఉండనియ్యి."

"మరి మనం..."

"ఎవ్వరడిగినా ఏం చెప్పకు. నీ పని సదువుడు. ఇన్నవా?"

ఒకసారి నా ముఖంలోకి చూసి తల ఊపింది. ఎందుకని అడగలేదు, పిల్ల తెలివైంది. నేను ఒట్టి సంచితో బస్సెక్కాను. ఆత్మకూరులో దిగి బస్సు కోసం నిలబడినప్పుడు, ఇక కోర్టుకు వెళ్ళనని నాకు తెలిసిపోయింది. మరుసటి రోజు వకీలు దగ్గరికి వెళ్ళి నా కాగితాలు తెచ్చేసుకున్నాను. ఆయన ఫీజు మాట ఎత్తలేదు. "బిడ్డ సదువైనంక రా చెల్లె. చట్టం యాడికి పోదు" అన్నాడు.

*

చట్టం ఎక్కడికీ పోదు, నిజమే. శివ కూడా పోలేదు. నెల తిరక్కముందే కొత్తకోట ఆమె అతన్ని వెళ్ళగొట్టింది. విడాకులు తేలేదనో, ఉన్న బుద్ధులు చూసి విసిగిందో. ఒకరోజు మధ్యాహ్నం నేను చేను నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు రేకు పెట్టెతో కూర్చుని ఉన్నాడు. తాగి లేడు. తాగి ఉంటే ఎప్పటిలా తిని, కొట్టి పోయేవాడు.

"మల్ల ఎందుకొచ్చినవు? నడువు ఈడికెళ్ళి" అన్నాను.

"యాడికి నడువాలె? నా పెండ్లాం ఉన్నకాడికే వచ్చిన."

"నేను నీకు పెండ్లాన్ని గాదు."

"గట్లనా? కోర్టు ఏమన్నది?" అంటూ లేచి చెప్పులు విప్పాడు. "జడ్జమ్మ ముందర నువ్వేమన్నవో అందరిన్నరు. నిరోష ఇస్కూలుకు పోయి గదే మాట నన్ను చెప్పమంటవా? పెండ్లి పత్రిక నా దగ్గర గూడ ఒకటున్నది. పెట్టెల పైలంగ పెట్టిన."

గొంతు కూడా పెంచలేదు. కూర ఏం వండావని అడిగినంత మామూలుగా అన్నాడు. ఆ వకీలు గదిలో అతని చెవులు ఎంత బాగా పని చేశాయో అప్పుడర్థమైంది. నాకు వాడి గొంతు పిసకాలనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే చేతులు లేచాయి. లోపల మా అమ్మ దగ్గు వినబడింది.

నేను తలుపు కొట్టి లోపలి గడియ తీయించాను. అతను పెట్టె తీసుకుని లోపలికి నడిచాడు. మా అమ్మ తన పడక వరండాలోకి మార్చుకుంది.  ఆ రోజు నుంచి ఇంట్లో ప్రార్థన పైకి చేయడం మానేసింది.

దసరా సెలవులకు నిరోష వచ్చింది. నేను గద్వాలకు వెళ్ళి తీసుకొచ్చాను. ఆటోలో అంతసేపూ హ్యాండ్‌బాల్ కబుర్లే. ఇంట్లో ఎవరున్నారో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. వాకిట్లో దండెం మీద ఆరేసిన చొక్కా చూసి అది ఆగిపోయింది. లోపలికి తొంగి చూసింది. శివ మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. "వచ్చినవా బిడ్డా" అన్నాడు తల తిప్పకుండానే.

నిరోష వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది. సంచి ఇంకా భుజానే ఉంది. నా తల మీద కుట్లు పడిన నాడు, రక్తం కారకుండా తన బడి లంగా అదిమిపట్టి కూర్చుంది ఆ పిల్లే.

"నువ్వే రానిచ్చినవా?"

"ఆ."

"ఎందుకు?"

చెబితే ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ సంచి అక్కడే విసిరికొట్టి, నాకొద్దు మీ సీటు అంటుంది, అని ఊరుకోదు, మళ్ళీ పోదు. నా కూతురే కదా. ఇంటర్ దాకా ఇంకా ఎనిమిదేళ్ళు చదవాలి అది.

"మీ నాయన గద బిడ్డా" అన్నాను.

 ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నీకు సిగ్గు లేదమ్మా" అంది, వరండాలో అమ్మమ్మ మంచం దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు ఏడో తరగతి. జిల్లా టీంలో ఆడుతోంది. సెలవులిస్తే హాస్టల్లోనే ఉంటానని టీచర్‌తో ఫోన్ చేయిస్తుంది. రెండో ఆదివారం నేను వెళ్తే గేటు దాకా వచ్చి సంచి అందుకుంటుంది, అమ్మమ్మ ఎట్లుందని అడుగుతుంది, నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోతుంది. ఇంకా ఆరేళ్ళు.